ఖాళీలను పూరింపుము

మంగళవారం, శుక్రవారం, డ్యూటీ దిగినాక
నాలుగో అంతస్తులో దుప్పట్ల గది పక్కన
మాకు ఇంగ్లీషు క్లాసు.
ఫినాయిలు వాసన పోని చేతులతో
నాలుగు గీతల నోటుబుక్కు తెరుస్తాం.
నాకు నలభై నాలుగు. పక్కన సెల్వికి ఇరవై.
ప్రిసిల్లా టీచరు అరవంలో చెప్తుంది,
నేను తెలుగులోకి మార్చుకుని ఇంగ్లీషులో రాస్తాను.
సూళ్లూరుపేట లోకలు బండి మాదిరి
ఒక్కో మాట ప్రతి స్టేషన్లో ఆగి
సెంట్రల్ చేరేసరికి గంట కొట్టేస్తారు.

కొత్తగా ఒక మనిషి వస్తే 'ఎ',
ఆ మనిషే మళ్లీ వస్తే 'ద' అంది టీచరు.
మా డయాలసిస్ వార్డులో అయితే
'ఎ'తో పనే లేదు.

'హ్యావ్' అంటే కలిగియుండు అంట.
ఎవరంటారబ్బా అట్టా?
నాకు కూతురుంది. నాకు బాకీ ఉంది. నాకు షుగరుంది.
తెలుగులో అవే వచ్చి నా ఎదురుగా కూర్చుంటాయి,
ఎత్తుకోమని అడగవు.
ఇంగ్లీషులో మూడింటినీ నేనే చంకనేసుకుని నిలబడాలి,
ఐ హ్యావ్, ఐ హ్యావ్, ఐ హ్యావ్.

గో, వెంట్, గాన్ వేషాలు మార్చుకుంటూ తిరుగుతాయి.
కట్ మాత్రం కట్, కట్, కట్.
హర్ట్ కూడా అంతే.
అది బట్టీ పట్టకుండానే వచ్చింది నాకు.

క్లాసులో చెప్పని పని ఒకటుంది.
గూడూరు నుంచి, నాయుడుపేట నుంచి
స్కాను కవర్లు చంకలో పెట్టుకుని వచ్చేవాళ్లకి
డాక్టరు మాట తెలుగు చెయ్యాలి.
జీతంలో దానికి లెక్క లేదు.
"పెంచలమ్మను పిలవండి" అంటారు,
మాపు కట్ట గోడకానించి పోతాను.

మొన్న బుధవారం. చిల్లకూరు పెద్దాయన,
రొయ్యల గుంటల కాడ కాపలా అంట.
భార్య ఐసీయూలో పదకొండో రోజు.
కుర్ర డాక్టరు, ఉత్తరాది పిల్లోడు,
మాస్కు గడ్డం కిందికి లాగి
నాకోసం విడగొట్టి, నిదానంగా అన్నాడు:
"వుయ్ ట్రైడ్ ఎవ్రీథింగ్."

ప్రతి ముక్కా తెలుసు.
ట్రై, వై తీసేసి ఐ పెట్టి, ఈడీ. మంగళవారమే రాశాను.
ఎవ్రీథింగ్ అంటే అన్నీ.
వుయ్ దగ్గర ఆగిపోయాను.

మేమా? మనమా?

మేము అంటే డాక్టర్లు, మిషన్లు, అద్దం తలుపు లోపలోళ్లు.
ప్లాస్కు పట్టుకుని ఆయన బయటే మిగిలిపోతాడు.
మనం అంటే
పదకొండు రాత్రులు మెట్ల కింద తువ్వాలు పరుచుకున్న ఆయన,
ఆయన అమ్మిన రెండు బర్రెలు,
గొట్టం సర్దుతా ఏడ్చిన మలయాళం నర్సు పిల్ల,
ఆ గది రోజూ తుడిచిన నేను.
ఇంగ్లీషోళ్లకి ఆ తేడాతో పని పడలేదేమో,
ఒక్క మాటతో కాలం గడిపేశారు.
డాక్టరు ఏ లెక్కలో అన్నాడో
అతనికైనా తెలుసో లేదో.
క్లాసులో ఖాళీకి కింద గీత ఉంటుంది,
బ్రాకెట్లో మూడు మాటలిస్తారు, ఒకటి ఏరుకోవాలి.
ఇక్కడ పెద్దాయన నా నోటి వంకే చూస్తున్నాడు.

"మనం అన్నీ చేశాం పెదనాయనా."

కాసేపు నేల చూశాడు.
"చేశాంలేమ్మా" అన్నాడు.
ప్లాస్కు మూత బిగించాడు.
అది బిగిసే ఉంది.

శుక్రవారం పరీక్ష.
తెలిసిన మనిషి గురించి ఐదు వాక్యాలు రాయమంది టీచరు.
'ద ఓల్డ్ మ్యాన్' అని మొదలుపెట్టాను.
ఎర్ర పెన్నుతో 'ద' కొట్టేసి
పైన 'ఎన్' అని పెట్టి చెప్పింది:
ఓ ముందు ఎన్ వస్తుంది పెంచలా,
పైగా మొదటిసారి చెప్తున్నావు కదా ఆయన గురించి.

నిజమే.
ఆమెకు మొదటిసారి.